ప్రోబయోటిక్ కొనే ముందు మీ వంటింటి గడియారం చూడండి

అమ్మా, మీరు అడిగింది ఇదీ: తెనాలిలో ఉంటారు, ఇంట్లో ఐదుగురు. ఎండలు ముదిరేసరికి మీ వారికి మలబద్ధకం, మొలల బాధ. వానలు పడగానే పిల్లలిద్దరికీ, 9 ఏళ్ల బాబుకీ 4 ఏళ్ల పాపకీ, విరేచనాలు. చలికాలంలో 68 ఏళ్ల అత్తయ్యగారికి కడుపుబ్బరం, పుల్లటి త్రేన్పులు. మీకైతే ఏడాది పొడుగునా గ్యాస్. "అందరం ఒకే వంట తింటున్నాం కదా, ఇంటిల్లిపాదికీ పనికొచ్చే ప్రోబయోటిక్ ఏదైనా చెప్పండి" అన్నారు.

నేను 24 ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. చూసినవాళ్లలో ఎక్కువమంది మీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ప్రోబయోటిక్ (పేగుకి మేలు చేసే బాక్టీరియా ఉన్న మందు) సంగతి చివర్లో చెప్తాను. ముందు మీ ఇంటి విషయం మాట్లాడుకుందాం. మీరు ఐదుగురికి నాలుగు జబ్బులని రాశారు గానీ, చదువుతుంటే నాకు ఒకే వంటిల్లు కళ్లముందు కనపడింది. ఒకే కప్పు కింద ఉండేవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవులకి కూడా పోలికలుంటాయి. ఒకే బిందె నీళ్లు, ఒకే పెరుగు తోడు, ఒకే భోజనాల వేళ. కాలం మారినప్పుడు ఆ ఇంట్లో ఏది మారింది, ఏది మారాల్సి ఉండీ మారలేదు అన్నది చూస్తే సగం జబ్బు అక్కడే దొరుకుతుంది.

ఎండాకాలంతో మొదలుపెడతాను. మీ వారు మెడికల్ రిప్రజెంటేటివ్ అని, రోజంతా బండి మీద తిరుగుతారని రాశారు. మే నెలలో మన డెల్టాలో 40 డిగ్రీలు దాటే ఎండలో తిరిగే మనిషికి చెమట రూపంలో ఎంత నీరు పోతుందో ఆయనకే తెలియదు. ఒంట్లో నీరు తగ్గితే పెద్దపేగు మలంలో ఉన్న తేమని కూడా పీల్చేసుకుంటుంది. మలం గట్టిపడుతుంది. గట్టిపడిన మలం కోసం ముక్కితే మొలలు ఉబ్బుతాయి. మనవాళ్లు దీన్నే "వేడి చేసింది" అంటారు. ఆ మాటని నేను ఎప్పుడూ కొట్టిపారేయను. నీళ్లు తక్కువయ్యాయి అని ఒళ్లు చెప్పే కబురు అది.

అయితే నీళ్లు ఒక్కటే కారణం అనుకోకండి. ఏటా చూస్తున్నాను, కొత్తావకాయ వచ్చిందంటే ఆ ఇంట్లో కూర గిన్నె చిన్నదైపోతుంది. వేడి వేడి అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. రుచికి తిరుగులేదు, నేను కూడా తింటాను. కానీ ఆ రెండు నెలలూ పళ్లెంలో బీరకాయ, సొరకాయ, దొండకాయ, తోటకూర కనపడవు. ఎండకి నీరు పోతున్న కాలంలోనే పీచు కూడా పోతోందన్నమాట. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే ఉంటుంది. అదే రాగుల్లో 11, జొన్నల్లో 10 గ్రాముల దాకా ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు పూటలా తెల్లన్నం, ఇడ్లీ, ఆవకాయతో ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూరగాయలు, ఆకుకూరలు కలిపి రోజుకి 400 గ్రాములు తినమని ఉంది. ఒకసారి కాటా మీద పెట్టి చూడండి, 400 గ్రాములంటే ఎంతో. మీ ఇంట్లో మనిషికి 100 దాటుతోందేమో నాకు అనుమానమే. ఆవకాయ మానేయమనను. ఒక ముక్క, కాస్త పిండి చాలు. పక్కన కూర మాత్రం ఉండి తీరాలి. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు. పచ్చడి రెండు పూటలా కలుపుకుంటే అదొక్కటే చాలా వరకు తినేస్తుంది.

ఇక పొద్దుటి పూట. మా అమ్మ వేసవిలో వసారాలో ఒక మూల తరవాణి కుండ పెట్టేది. గంజి పులిసి, అందులో రాత్రి అన్నం వేసి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేవాళ్లం. గరిటె ముంచే ముందు ఆవిడ కుండ మీదికి వంగి వాసన చూసేది. కమ్మటి పులుపు వాసన ఉంటేనే గరిటె పెట్టేది, కొంచెం తేడాగా ఉన్నా కుండ మొత్తం ఎత్తి పెరట్లో పారబోసేది. పిల్లలం ఆకలితో కూర్చున్నా సరే, బతిమాలినా సరే. ఆ పులుపు లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా పని. పులుపు బాగా ఎక్కిన చోట చెడు క్రిములు పెరగడం కష్టం. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి మంచి బాక్టీరియాకి ఆహారమవుతుంది. పైగా ఒక గ్లాసున్నర నీళ్లు తెలియకుండానే లోపలికి వెళ్తాయి.

మీరు కుండ పెట్టలేరు, అర్థం చేసుకోగలను. రాత్రి మిగిలిన అన్నం వెంటనే చల్లార్చి, కాచి చల్లార్చిన నీళ్లు మునిగేలా పోసి, ఒక చెంచా పెరుగు కలిపి, మూతపెట్టి ఉంచండి. పొద్దున్న ఏడింటికి మజ్జిగ కలిపి, వాము పొడి చల్లి ఆయనకి పెట్టండి. జిగురు సాగినా, వాసన తేడాగా ఉన్నా పారేయండి. మధ్యాహ్నం నుంచీ కుక్కర్‌లోనే వెచ్చగా ఉండిపోయిన అన్నాన్ని మాత్రం చద్దన్నం చేయొద్దు. అలాంటి అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు పట్టుకుంటాయి.

బండి బ్యాగులో లీటరు నీళ్ల సీసా ఒకటి పెట్టండి. మధ్యాహ్నానికి ఒకటి, సాయంత్రానికి ఇంకోటి ఖాళీ కావాలి. కొలత సీసాతో పాటు మూత్రం రంగు కూడా. లేత గడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టు. కూల్‌డ్రింకులూ నాలుగు టీలూ ఈ లెక్కలోకి రావు. గుండె, కిడ్నీ జబ్బులకి నీళ్లు కొలిచి తాగమని డాక్టరు చెప్పి ఉంటే ఈ మాట వర్తించదు.

ఇంకో విషయం మీరు రాయలేదు గానీ, నేను అడిగి తెలుసుకునేదే. ఫోను పట్టుకుని బాత్రూములో ఎంతసేపు కూర్చుంటున్నారు? ఇరవై నిమిషాలు కూర్చుంటే మలద్వారం దగ్గర రక్తనాళాల్లో రక్తం నిలిచిపోయి మొలలు పెరుగుతాయి. ఫోను బయట పెట్టి వెళ్లమనండి. ఐదు నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చేయమనండి. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకి వస్తాయి, విరేచనం సులువవుతుంది. తిన్న తర్వాత పేగు తనంతట తాను కదులుతుంది, పొద్దుటి టిఫిన్ తర్వాత మరీను. ఆ పావుగంటలో ఆయన హడావిడిగా బండి స్టార్ట్ చేస్తే, వచ్చిన పిలుపు వెనక్కి పోతుంది. రోజూ అలా చేస్తే పేగు పిలవడమే మానేస్తుంది. పావుగంట ముందు లేవడం ఏ మందుకన్నా మంచిది. ఇసాబ్‌గోల్ వాడాలంటే పెద్ద గ్లాసు నీళ్లతోనే వాడాలి. నీళ్లు లేకుండా వాడితే ఇంకా బిగుస్తుంది. రక్తం పడుతుంటే మాత్రం మొలలే అని ఇంట్లో తేల్చుకోవద్దు, ఒకసారి సర్జన్‌కి చూపించండి.

ఇప్పుడు పిల్లల సంగతి. ఇక్కడ నేను కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ప్రాణాల మీదికి వచ్చేది ఇదే.

మృగశిర కార్తె వచ్చి తొలకరి పడగానే కాలవ నీళ్లు, డ్రైనేజీ నీళ్లు, పంపు నీళ్లు ఎక్కడో ఒక చోట కలుస్తాయి. పైపు పగిలిన చోట, నీళ్లు రాని గంటల్లో, బురద లోపలికి లాగేసుకుంటుంది. టైఫాయిడ్, కామెర్లు, అమీబా విరేచనాలు, కలరా, అన్నిటికీ దారి అదే. మీరు "మేం క్యాన్ నీళ్లే తాగుతాం" అని రాశారు. కొన్నేళ్ల కిందట ఒక ఇంటికి వెళ్లాను. పిల్లవాడికి ఆ వానాకాలంలో నాలుగోసారి విరేచనాలు. వాళ్లవీ క్యాన్ నీళ్లే. తల్లిని "బాబుకి నీళ్లు ఎలా ఇస్తావో చూపించమ్మా" అన్నాను. ఆమె క్యాన్‌లోంచి స్టీలు డ్రమ్ములోకి పోసుకుంది. డ్రమ్ము మూత తీసి, గ్లాసు పట్టుకుని మణికట్టు దాకా చెయ్యి ముంచి నీళ్లు తీసింది. అంతకు రెండు నిమిషాల ముందే ఆ చేత్తో చంటిపిల్లని కడిగింది, చెయ్యి ఉత్త నీళ్లతో తుడుచుకుంది. ఆమె తప్పని నేను అనను, ఆ అలవాటు ఆమె అమ్మ నుంచి వచ్చింది. పొడుగు కాడ గరిటె ఒకటి కొనిపించాను, డ్రమ్ము పక్కనే సబ్బు పెట్టించాను. ఆ కాలమంతా ఆ పిల్లవాడు మళ్లీ పడకెయ్యలేదు.

మీ ఇంట్లో కూడా అదే చూడండి. క్యాన్ నీళ్లయినా, ఫిల్టర్ నీళ్లయినా, వానలు పడే మూడు నెలలూ పిల్లలకి కాచి ఇవ్వండి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరిగితే చాలు. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చండి. పాత సీసాలోకి మార్చితే కాచిన ఫలితం పోతుంది. క్యాన్ పెట్టే స్టాండు కుళాయి లోపల వేలు పెట్టి చూడండి, పాకుడు తగులుతుంది. వారానికోసారి అది కడగాలి. బడికి పంపే సీసా మూతలో రబ్బరు రింగు ఉంటుంది, దాని కింద కూడా.

బయటి తిండి విషయంలో అందరూ బజ్జీని తిడతారు. మరిగే నూనెలోంచి తీసిన బజ్జీలో క్రిమి బతకదు. దాన్ని చీల్చి లోపల పెట్టే ఉల్లిపాయ ముక్కలు, పక్కన పోసే కొబ్బరి పచ్చడి, పానీపూరీ కుండలో నీళ్లు, ఇవీ కడుపు చెడగొట్టేవి. మీ బాబు బజ్జీ అడిగితే ఉల్లిపాయ లేకుండా ఇప్పించండి, పెద్ద ఇబ్బందేం లేదు. ఇంట్లో పొద్దున రుబ్బిన కొబ్బరి పచ్చడి సాయంత్రం టిఫిన్‌కి వాడొద్దు. వానాకాలంలో అది నాలుగైదు గంటలకే పాడవుతుంది, వాసనకి తెలియదు.

విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. మొదటి విరేచనం నుంచే ఓఆర్‌ఎస్, అంటే ఒంట్లోంచి పోయిన నీరూ ఉప్పూ తిరిగి ఇచ్చే పొడి కలిపిన నీళ్లు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరాలకి వచ్చినప్పుడు కలరా అంటుకుంది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ములకెత్తి, రోగుల ఇంటివాళ్ల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి పడిపోయాయి. వైద్యుడు లేని చోట అమ్మలూ అన్నలూ చేసిన వైద్యం అది. ఇప్పుడు మీ వీధి మందుల షాపులో ఆ ప్యాకెట్ దొరుకుతుంది, అంగన్‌వాడీలో ఆశా కార్యకర్త దగ్గర ఊరికే ఇస్తారు.

లీటరు ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. "కొంచెం కొంచెం కలుపుకుందాం" అని సగం ప్యాకెట్ గ్లాసులో వేస్తే ఉప్పు ఎక్కువై ఇంకా నష్టం. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారేయండి. మీ పిల్లల వయసుకి విరేచనం అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మిల్లీలీటర్లు, అంటే అర గ్లాసు నుంచి గ్లాసు. గుటక గుటకగా, చెంచాతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. రాత్రివేళ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకి సమంగా కొలిచిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గోపురం కట్టకుండా. పాపకి 5 ఏళ్ల లోపే కాబట్టి జింక్ మాత్రలు 14 రోజులు వేయమంటారు. విరేచనాలు మూడో రోజుకి ఆగిపోయినా పూర్తిగా వేయండి.

టెట్రా ప్యాకుల్లో వచ్చే తియ్యటి పండ్ల రసాలు ఇన్నాళ్లూ ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మారు. వాటిలో పంచదార ఎక్కువ, ఉప్పు తక్కువ, విరేచనాలు పెంచుతాయి. హైదరాబాదులోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశాలిచ్చింది. పాత సరుకు ఇంట్లో ఉందేమో చూసుకోండి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉండాలి.

మీ అత్తయ్యగారు "లంఖణం పరమౌషధం" అని పిల్లలకి అన్నం ఆపించారని రాశారు. ఆవిడ మనసు మంచిదే, పెద్దవాళ్ల అజీర్తికి ఒక పూట లంఖణం పనిచేస్తుంది కూడా. విరేచనాలవుతున్న పిల్లలకి మాత్రం ఆపొద్దు. మెత్తటి అన్నంలో పెసరకట్టు, పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ, ఏది తింటే అది, కొంచెం కొంచెంగా. తిండి ఆపితే పేగు లోపలి పొర తిరిగి కుదురుకోవడం ఆలస్యమవుతుంది. మిగిలిపోయిన యాంటీబయోటిక్ సిరప్ పోయడం, విరేచనాలు బిగబట్టే మాత్ర వేయడం, ఈ రెండూ చేయొద్దు. పిల్లల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌లవే, వాటికి యాంటీబయోటిక్ పనిచేయదు సరికదా, మీరు కొనాలనుకుంటున్న ఆ మంచి బాక్టీరియాని చంపేస్తుంది. మలంలో రక్తం, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, కళ్లు లోపలికి పోవడం, మత్తుగా పడి ఉండటం, తాగింది తాగినట్టు కక్కడం. ఇందులో ఏది కనపడినా రాత్రి పన్నెండైనా ఆసుపత్రికి వెళ్లండి.

వానాకాలం అయిపోయిందని పిల్లల విషయంలో నిశ్చింతగా ఉండొద్దు. రోటావైరస్ విరేచనాలు చలికాలంలోనే ఎక్కువ. టీకా 2016లో దేశంలో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి కాబట్టి పాపకి పడే ఉంటుంది, కార్డు తీసి చూడండి. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10న బళ్లో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఇద్దరిచేతా నమిలించండి. బడి బాత్రూము బాగుండదని బాబు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుంటున్నాడేమో కూడా మెల్లగా అడగండి. చాలామంది పిల్లలు ఇంట్లో చెప్పరు.

కార్తీకంలో ఉపవాసాలు చేస్తారు కదా. పగలంతా కాఫీల మీద ఉండి, దీపం పెట్టాక రాత్రి ఎనిమిదిన్నరకి గారెలు, పులిహోర, పాయసం ఒక్కసారిగా తింటే ఆ రాత్రి గుండెల్లో మంట రాకుండా ఎలా ఉంటుంది? ఉపవాసం విడిచేటప్పుడు ముందు పండు, మజ్జిగ, అరగంట ఆగి మామూలు భోజనం. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా ఉపవాసం ఉండకూడదు.

అత్తయ్యగారి దగ్గరికి వస్తున్నాను. మీరు రాసిన దాంట్లో నన్ను బాగా కలవరపెట్టిన వాక్యం, మీరు మధ్యలో ఊరికే అనేసిన వాక్యం: "చలికి మోకాళ్లు పట్టేసి నొప్పుల మాత్ర వేసుకుంటారు, మాత్ర పొట్టలో మంట పెట్టకుండా గ్యాస్ మాత్ర కూడా." ఎన్నేళ్లుగా? ఎవరు రాశారు? మందుల షాపులో అడిగి తెచ్చుకుంటున్నారా? చాలా రకాల నొప్పుల మాత్రలు పొట్ట లోపలి పొరని కాపాడే జిగురుని తగ్గిస్తాయి, ఈ వయసులో పుండ్లు పడి లోపల రక్తం కారుతుంది. నొప్పి కూడా తెలియకపోవచ్చు. మలం తారులా నల్లగా ఉందా అని మొహమాటపడకుండా అడగండి. కారం తింటే అల్సర్ వస్తుందని మనవాళ్ల నమ్మకం. అల్సర్‌కి ముఖ్య కారణాలు రెండే, ఒకటి ఈ నొప్పుల మాత్రలు, రెండోది హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. దాన్ని కనిపెట్టినందుకు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది. అది చిన్నతనంలోనే, ఎక్కువగా ఇంటివాళ్ల నుంచే సంక్రమిస్తుంది. ఆవిడకి ఆ పరీక్ష చేయించండి. గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది, పొట్టలో ఆమ్లం లేక పేగు ఇన్ఫెక్షన్లు తేలిగ్గా పట్టుకుంటాయి. అలాగని రేపే ఆపించొద్దు. నొప్పుల మాత్ర వాడుతున్నంతకాలం అది రక్షణ కూడా. రెండూ కలిపి ఫిజీషియన్‌కి చూపించి, మోకాళ్లకి వేరే దారి అడగండి.

ఇంకొకటి. ఎప్పుడూ లేనిది, నడిచినప్పుడు ఛాతీ బరువుగా, చెమటలతో, ఆయాసంతో "గ్యాస్ పట్టేసింది" అంటే సోడా తాగించి పడుకోబెట్టొద్దు. వెంటనే ఈసీజీ. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు గ్యాస్ లాగే రావచ్చు. గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగిన ఇళ్లు నేను చాలా చూశాను.

ఇక తిండి. పెద్దవయసులో దాహం తక్కువ, చలికాలంలో ఇంకా తక్కువ. ఉదయపు నడక మానేస్తారు. సంక్రాంతి అరిసెలు, జంతికల డబ్బాలు నెలంతా తెరిచే ఉంటాయి. పెరుగు తోడుకోలేదని, జలుబు చేస్తుందని పెరుగు మానేస్తారు. ఇన్ని కలిశాక కడుపు ఉబ్బక ఏం చేస్తుంది? పెరుగు తోడుకోకపోవడం చలి వల్లే. పాలు వేలు పెడితే వెచ్చగా తగిలేంత ఉండగా, మామూలుకన్నా అర చెంచా ఎక్కువ తోడు వేసి, హాట్‌ప్యాక్‌లో పెట్టండి, పొద్దుటికి గడ్డపెరుగు. పగటిపూట, ఫ్రిజ్‌లోంచి కాకుండా, మజ్జిగ చేసి అల్లం, కరివేపాకు వేసి ఇవ్వండి. గోరువెచ్చటి నీళ్లు ఒక ఫ్లాస్కులో పోసి ఆవిడ మంచం పక్కనే పెట్టండి. ఎండ వచ్చాక ఎనిమిదింటికి ఇరవై నిమిషాలు వీధిలో నడవమనండి, పక్కన పిల్లల్ని పంపండి. అరిసె తినాలంటే మధ్యాహ్న భోజనం తర్వాత ఒకటి, రాత్రి వద్దు.

రాత్రి అన్నాను కాబట్టి, మీ ఇంటి గడియారం. మీ వారు వచ్చేది తొమ్మిదింటికి, సీరియల్ అయ్యాక తొమ్మిదిన్నరకి అందరూ భోజనం, పదింటికి పడక. ఈ ఒక్క అలవాటు ఇంట్లో ఐదుగురి కడుపుల్నీ తాకుతోంది. నిండు పొట్టతో పడుకుంటే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది, తెల్లారి ఆకలి ఉండదు, టిఫిన్ తినరు, పొద్దుటి విరేచనం తప్పుతుంది. అత్తయ్యగారికీ పిల్లలకీ ఏడున్నరకి పెట్టేయండి. కలిసి తినాలన్న ఆశ నాకు తెలుసు, ఆదివారం మధ్యాహ్నం కలిసి తినండి. ఆయన సాయంత్రం ఆరింటికి బయట బజ్జీల బదులు బ్యాగులో వేయించిన శనగలు, ఒక జామకాయ పెట్టుకుంటే రాత్రి తొమ్మిదింటికి సగం అన్నంతో సరిపోతుంది. అత్తయ్యగారి మంచానికి తలవైపు కాళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టండి, ఎడమవైపు తిరిగి పడుకోమనండి. రెండు దిండ్లు పెడితే మెడ వంగుతుంది తప్ప ఉపయోగం లేదు.

మీ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, "నాకు ఎప్పుడూ ఉండేదే" అని. అమ్మా, మీరు ఎప్పుడు తింటున్నారు? పొద్దున ఐదున్నరకి పాల కాఫీ, తొమ్మిదింటికి ఇంకోటి, అందర్నీ పంపాక పదిన్నరకి మిగిలిన ఇడ్లీలు, మధ్యాహ్నం మూడింటికి నిన్నటి కూర "పారేయలేక", రాత్రి అందరి తర్వాత నిలబడి నాలుగు ముద్దలు. నేను చూసిన ఇళ్లలో గ్యాస్ అనే ఆడవాళ్లలో చాలామంది దినచర్య ఇదే. మిగిలింది తినడానికి మీ పొట్ట చెత్తబుట్ట కాదు. రేపట్నుంచి మొదటి వాయి ఇడ్లీలు దిగగానే రెండు మీరు తినండి, కాఫీ దాని తర్వాత. ఎవరూ ఏమీ అనుకోరు.

రెండు వారాలు పాల కాఫీ, పాలు ఆపి, పెరుగు మజ్జిగ మాత్రం ఉంచి చూడండి. దక్షిణాదిలో పెద్దయ్యాక చాలామందికి పాలలోని చక్కెర సరిగా అరగదు, పెరుగులో అది తగ్గిపోతుంది కాబట్టి పడుతుంది. ఉబ్బరం తగ్గితే కారణం తెలిసినట్టే. శనగలు, అలసందలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండండి. పీచు కూడా ఒక్కసారిగా పెంచొద్దు, వారానికి కొంచెం కొంచెంగా, లేకపోతే ఇంకా ఉబ్బుతుంది. 40 దాటిన ఆడవాళ్లకి ఉబ్బరం కొత్తగా మొదలై మూడు వారాలైనా వదలకపోతే, కొంచెం తినగానే పొట్ట నిండినట్టుంటే, గైనకాలజిస్ట్ దగ్గర అండాశయాల స్కానింగ్ చేయించుకోవాలి. మీది ఎన్నాళ్లుగానో ఉన్నదే అంటున్నారు, అయినా ఈ ఏడాది మునుపటికన్నా తేడాగా ఉంటే వాయిదా వేయకండి. ఎవరికైనా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, కళ్లు పచ్చబడటం ఉంటే ఇంటి చిట్కాలు పక్కనపెట్టండి.

ప్రోబయోటిక్. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో, ఫలానా రకం బాక్టీరియా ఫలానా జబ్బుకి డాక్టరు రాస్తే వాడతారు. ఇంటిల్లిపాదికీ ఒకే డబ్బా అనేది నేను రాయను. మీ పెరుగు గిన్నె, అప్పుడప్పుడూ చద్దన్నం ఉన్నాయి. వాటిలోని బాక్టీరియా బతకడానికి ఉల్లి, వెల్లుల్లి, అరటి, పప్పులు, ఆకుకూరలు కావాలి. నెలకి ఆ డబ్బాకి పెట్టే డబ్బుతో రోజూ ఒక పావుకిలో ఆకుకూర ఎక్కువ తెచ్చుకోండి. ఆషాఢంలో మునగాకు తినాలని మీ అత్తయ్యగారు అంటుంటారేమో, ఈసారి ఆవిడ మాట వినండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు, వారం తిరక్కుండానే విసుగొస్తుంది. ముందు మూడు: రాత్రి భోజనం ఏడున్నరకి, నీళ్లకి పొడుగు కాడ గరిటె, మీ టిఫిన్ ముందు. పిల్లల పాత నోటుబుక్కులో 14 రోజులు రాయండి, ఎవరు ఎన్నింటికి తిన్నారు, ఎన్ని నీళ్లు, విరేచనం ఎలా అయింది. ఆ తర్వాత ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. అత్తయ్యగారి నొప్పుల మాత్ర పేరు మాత్రం 14 రోజులు ఆగకుండా ఈరోజే రాయండి, స్ట్రిప్ వెనక ఉన్నది ఉన్నట్టుగా.